రోమన్ నాణేల సేకరణ: తెలుగునేల చరిత్ర

రోమన్ చక్రవర్తుల ముఖాలు చెక్కిన పాత నాణేలను ఏరి దాచుకోవడం ఐరోపాలో కవులు, రాజుల వ్యాపకంగా పేరుపడింది. ఇటలీ కవి పెట్రార్క్ 1354లో నాలుగో చార్లెస్ చక్రవర్తిని కలిసినప్పుడు సమర్పించిన కానుక కూడా అలాంటి నాణేలే. తెలుగునేలకు ఆ ముఖాలు అంతకు పదమూడు వందల ఏళ్ల ముందే ఓడలెక్కి వచ్చాయి. ఇక్కడ వాటిని మొదట దాచినవాళ్లు పండితులు కారు. కొందరు మెడలో వేసుకున్నారు, కొందరు కుండలో పోసి పాతిపెట్టారు. మనం లంకెబిందెలు అనేవి అవే.

అనంతగిరి, కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ఉన్న ఉమ్మడి నల్లగొండ ప్రాంతానికి ఈ చరిత్రలో పెద్ద వాటా ఉంది. దక్షిణాన కృష్ణానది పారుతుంది, మిర్యాలగూడ దిగువన వాడపల్లి దగ్గర మూసీ వచ్చి అందులో కలుస్తుంది. క్రీ.శ. ఒకటో శతాబ్దిలో గ్రీకు భాషలో రాసిన 'పెరిప్లస్' అనే నౌకాయాన గ్రంథం మసాలియా తీరంలో సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని చెబుతుంది. మసాలియా అంటే కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల సీమ. ఆ రేవుల నుంచి దక్కను లోపలికి సరుకు వెళ్లిన దారులు ఈ ప్రాంతం మీదుగానే సాగాయని చరిత్రకారుల భావన. వర్తకులు, బౌద్ధ భిక్షువులు నడిచిన దారి పక్కనే సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద ఆరామం వెలసింది.

ఈ ప్రాంతపు రోమన్ నిధుల్లో పెద్దది నల్లగొండ జిల్లా అక్కెనపల్లిది. అందులో 1,531 వెండి దీనారాలు దొరికాయి. దక్షిణ భారతంలో దొరికిన తొలినాటి వెండి రాశుల్లాగే ఇందులోనూ అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాణేలదే పైచేయి. టైబీరియస్ నాణేనికి బొమ్మ వైపు ఆకుల దండ చుట్టిన తల, బొరుసు వైపు పీఠం మీద కూర్చున్న స్త్రీమూర్తి ఉంటాయి. ఆమె చక్రవర్తి తల్లి లివియా అని చాలామంది అంటారు. బైబిలు కథలో క్రీస్తుకు చూపించిన పన్ను నాణెం ఇదేనన్న నమ్మకం ఉన్నందున ప్రపంచమంతటా సేకర్తలు దీనికోసం పోటీపడతారు.

అంత పాత నాణేలే ఇక్కడ ఎందుకు ఎక్కువ? కారణం తూకం. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెం బరువు తగ్గించాడు. అంతకుముందు ఒక రోమన్ పౌను వెండికి 84 దీనారాలు కొడితే, ఆ తర్వాత 96 కొట్టారు. ఇక్కడి వర్తకుడికి రాజు పేరుతో పనిలేదు, లోహం చాలు. అందుకే బరువైన పాత నాణేన్నే కోరి తీసుకున్నాడు. రోమన్ రచయిత ప్లినీ రాసిన ఒక ముచ్చట కూడా ఇలాంటిదే. నాణేల మీది ముఖాలు వేరువేరుగా ఉన్నా బరువు మాత్రం ఒకటే ఉండడం చూసి సింహళ రాజు రోమన్ల నిజాయితీని మెచ్చుకున్నాడట. ఏటా ఐదు కోట్ల సెస్టెర్సుల రోమన్ సొమ్ము భారతదేశానికి తరలిపోతోందని వాపోయినవాడూ ఆ ప్లినీయే.

ఇక్కడివాళ్ల రోజువారీ డబ్బు మీద ముఖాలు అరుదు. 2024 మార్చిలో ఫణిగిరి తవ్వకాల్లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. వాటికి ఒక వైపు ఏనుగు, రెండో వైపు ఉజ్జయిని గుర్తు ఉన్నాయి. మనిషి ముఖం ఏ వైపూ లేదు. శాతవాహనుల్లో యజ్ఞశ్రీ శాతకర్ణి వంటి కొందరు మాత్రం వెండి నాణేల మీద తమ ముఖాలు వేయించుకున్నారు. పశ్చిమ క్షత్రపుల నాణేల ద్వారా అందిన గ్రీకు, రోమన్ ఒరవడి అది.

రోమన్ ముఖాన్ని తెలుగువాళ్లు తమదిగా చేసుకున్న తీరు మరీ ముచ్చటైనది. ఇక్కడ దొరికిన బంగారు నాణేల్లో కొన్నింటికి తలపైన రెండు రంధ్రాలు ఉంటాయి. దారానికి గుచ్చి వేసుకుంటే చక్రవర్తి ముఖం నిటారుగా కనిపించేలా లెక్క చూసి పొడిచిన రంధ్రాలవి. అసలు నాణెం దొరకనప్పుడు కంసాలులు అదే బొమ్మతో బంగారంలో నకళ్లు చేశారు. చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలు చదవలేక గీతలుగా మార్చేశారు. కొండాపూర్ లాంటి చోట్ల నాణెం ముద్ర ఒత్తిన మట్టి పతకాలు కూడా దొరికాయి. బంగారం కొనలేనివాళ్లకూ ఆ ముఖం మీద మోజుండేదన్నమాట. మన అమ్మమ్మల కాసులపేరు వెనక ఉన్న మక్కువ ఇంత పాతది.

నాగార్జునకొండ తవ్వకాల్లో టైబీరియస్ బంగారు నాణెం, ఆంటొనైనస్ పయస్ భార్య ఫౌస్టీనా నాణెం దొరికాయి. అక్కడి ఒక శాసనం ఉజ్జయిని రాకుమార్తె రుద్రధర భట్టారిక 170 దీనారి మాషకాలు దానం చేసిందని చెబుతుంది. దీనారి అనే లాటిన్ మాట అలా మన శాసనాల్లో కుదురుకుంది.

నాణేల మీద ముఖాలు చదవడం ఒక విద్య. అగస్టస్ ముసలివాడైనా నాణెం మీద కుర్రవాడే. నీరో మెడ ఏటేటా లావెక్కుతుంది. వెస్పాసియన్ బట్టతలను, ముడతలను దాచలేదు. గడ్డంతో కనిపించే ఆనవాయితీ హాద్రియన్‌తో స్థిరపడింది. ఫౌస్టీనా జడలు నడినెత్తిన కొప్పుగా చుట్టి ఉంటాయి. మన నేలలో దొరికిన నాణేల్లో కొన్నింటి మీద ఇవేవీ సరిగ్గా కనిపించవు, ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది. తమిళనాట పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో అత్యధికం ఇలా గాటుపడ్డవే. చెలామణి రద్దు చేయడానికని కొందరు, బంగారం పరీక్షకని కొందరు అంటారు.

ఆధునిక సేకరణ కథ మొదలైందే నష్టంతో. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, దాని కింద కుండ, కుండలో రెండో శతాబ్దపు రోమన్ బంగారం! రైతు దాన్ని పాత బంగారంగా అమ్మేశాడు. చాలా నాణేలు మూసలో కరిగిపోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కుటుంబానికి చెందిన అమీరుల్ ఉమరా ముప్ఫైకి పైగా తిరిగి రాబట్టాడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిలోంచి హాద్రియన్, ఫౌస్టీనా నాణేలు ఏరుకున్నాడు. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత తళతళలాడుతున్నాయని, కొన్నింటికి ఆభరణాల రంధ్రాలున్నాయని ఆయన రాసిపెట్టాడు. ఆ రాత లేకపోతే నెల్లూరు నిధి ఊసే మిగిలేది కాదు.

తర్వాత ఉత్తర సర్కార్లలో ఉద్యోగం చేసిన వాల్టర్ ఇలియట్ దక్షిణ భారత నాణేల మీద పుస్తకం తెచ్చాడు. 1889లో వినుకొండలో టైబీరియస్ మొదలు కరకల్లా దాకా విస్తరించిన 15 బంగారు నాణేలు దొరికాయి. రాబర్ట్ సెవెల్ 1904లో భారతదేశంలో దొరికిన రోమన్ నాణేల పట్టిక ప్రకటించాడు. పరమేశ్వరీలాల్ గుప్తా ఆంధ్రప్రదేశ్ రోమన్ నాణేల మీద 1965లో రాసిన గ్రంథం నేటికీ ఈ విషయానికి తొలిమెట్టు.

వీళ్లందరి శ్రమ నేర్పేది ఒకటే: ముఖం ఎంత అందంగా ఉన్నా, ఊరు తెలియని నాణెం చరిత్రకు సగమే పనికొస్తుంది. ఏ కుండలో, ఏ నాణేలతో కలిసి, ఏ పొలంలో దొరికిందో తెలిస్తేనే వర్తకం దారి తెలుస్తుంది. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువున్న నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. 1972 చట్టం నూరేళ్లు దాటిన నాణేలను పురావస్తువులుగా చూస్తుంది, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడాన్ని నిషేధిస్తుంది.

కోదాడ చెలకలోనో, మిర్యాలగూడ కాలువ గట్టునో నాగలికి కుండ తగిలితే నాణేలను చింతపండుతో తోమవద్దు, కుండపెంకులు పారేయవద్దు, కంసాలి దగ్గరికి తీసుకెళ్లవద్దు. దొరికిన చోటును గుర్తుపెట్టుకుని తహసీల్దారుకు కబురు చేయండి.