కొలిమి పక్కన ఉయ్యాల: జంషెడ్‌పూర్ గృహజీవన చరిత్ర

1912 ఫిబ్రవరి 16వ తేదీన, నాటి సింహభూమ్ జిల్లాలోని సాక్చి గ్రామం దగ్గర వెలసిన కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మె తయారయింది. జంషెడ్‌పూర్ చరిత్రను చెప్పేవారు సాధారణంగా ఆ రోజునుంచే కథ ఎత్తుకుంటారు. కొలుములు, ఉక్కు టన్నుల లెక్కలు, యుద్ధకాలపు ఉత్పత్తులు, కార్మికుల సమ్మెలు ఆ చరిత్రలో పెద్ద అధ్యాయాలు. అయితే కొలిమి దగ్గర ఎనిమిది గంటలు చెమటోడ్చిన మనిషి తిరిగి వెళ్ళేది ఒక ఇంటికి. ఆ ఇంటిలో వంట చేసిన చేతులు, పెరట్లో పాదులు తీసిన చేతులు, బిడ్డను కని పెంచిన చేతులు కూడా ఆ నగరాన్ని నిర్మించినవే. అయినా ఆ చేతుల శ్రమ ఏ ఉత్పత్తి లెక్కలోనూ కనబడదు. ఉక్కు నగర చరిత్రలోని ఈ రెండవ పార్శ్వం తొలిదానికంటే తక్కువ ఆసక్తికరమైనది కాదు.

ఇల్లు లేని ఊరు

జంషెట్జీ టాటా 1904లో కన్నుమూశారు. ఆయన తలపెట్టిన ఇనుము, ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. కర్మాగారం ఎక్కడ వెలుస్తుందో తేలకముందే, 1902లో కుమారుడు దోరాబ్జీకి రాసిన లేఖలో ఆయన ఊరి గురించి ఆలోచించారు. నీడనిచ్చే చెట్లతో విశాలమైన వీధులుండాలనీ, తోటలకూ ఆటస్థలాలకూ, అన్ని మతాల ప్రార్థనా స్థలాలకూ చోటుండాలనీ ఆయన కోరిక. సుబర్ణరేఖ, ఖర్కై నదులు కలిసేచోట ఆ ఊరు లేచింది.

1911 జనాభా లెక్కలనాటికి అక్కడి జనం ఆరు వేలకు లోపే. పదేళ్ళు తిరిగేసరికి ఆ సంఖ్య 57 వేలు దాటింది. అంత వేగంగా పెరిగే ఊరికి ఇళ్ళు చాలడం అసాధ్యం. తొలి రోజుల్లో వచ్చినవారిలో అధికులు ఒంటరి పురుషులు. భార్యాబిడ్డలను స్వగ్రామంలో విడిచివచ్చి, ఒకే గదిలో పలువురు సర్దుకుని, చేయి కాల్చుకుని తిన్నవారు. జూలియన్ కెనెడీ, సాహ్లిన్ సంస్థ వేసిన తొలి ప్రణాళిక తరువాత, ఎఫ్.సి. టెంపుల్ 1920 ప్రాంతంలోనూ, స్టోక్స్ 1936లోనూ, జర్మనీనుంచి వచ్చిన వాస్తుశిల్పి ఒట్టో కోనిగ్స్‌బర్గర్ 1940వ దశకం మధ్యలోనూ ఊరికి కొత్త ప్రణాళికలు రచించడానికి కారణం ఈ ఒత్తిడే. వీరిలో కోనిగ్స్‌బర్గర్ ఆలోచన గృహజీవనానికి మరింత దగ్గరగా ఉంది. బడి, అంగడి, పిల్లల ఆటస్థలం ఇంటినుంచి నడిచిపోగల దూరంలో ఉండే చిన్న చిన్న పేటలుగా నగరం పెరగాలని ఆయన భావించారు. చంకలో ఒక బిడ్డనూ, వేలు పట్టుకుని మరొక బిడ్డనూ నడిపించుకుంటూ అంగడికి వెళ్ళే తల్లికి ఆ దూరం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

ఇలా కుటుంబాలతో స్థిరపడినవారిలో తెలుగువారు చెప్పుకోదగిన వర్గం. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాలనుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే వీరికి దారి చూపింది. 1919లో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఆ పట్టణానికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాలిమాటి స్టేషను టాటానగర్ అయింది. బిస్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలో ఎ.డి.ఎల్. అన్న పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఆంధ్ర నాటక సాహిత్య సంఘం తెలుగు కుటుంబాల ఉమ్మడి లోగిళ్ళవంటివి. సంఘం పేరులోనే నాటకం ఉండటం గమనార్హం. పగలంతా యంత్రాల హోరు విన్న చెవులు పద్యం వినగోరాయన్నమాట.

మూడు షిఫ్టుల సంసారం

జంషెడ్‌పూర్ కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చింది. భారతదేశంలో చట్టం దానిని అందరికీ నిర్దేశించింది 1948 ఫ్యాక్టరీల చట్టంతోనే. కార్మికుడికి అది వరమే. అయితే కొలిమి ఎన్నడూ చల్లారదు కనుక, రోజు మూడు షిఫ్టులుగా విడిపోయింది. దానితోపాటు ఇంటి గడియారం కూడా మారిపోయింది. ఒక వారం తెల్లవారకముందే పొయ్యి వెలగాలి, మరొక వారం అర్ధరాత్రివేళ అన్నం వేడిగా ఉండాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన భర్త పగలు నిద్రపోతే, రెండు గదుల ఇంటిలో పసిపిల్లలను సద్దుచేయకుండా ఆడించవలసిన భారం ఇల్లాలిది. భర్త పని ఎనిమిది గంటలకు ముగిసినా, ఆమెకు మాత్రం మూడు షిఫ్టులూ తప్పవు.

ఈ నడుమ దొరికిన తీరికలోనే అభిరుచులు మొలకెత్తాయి. వాటిలో మొదటిది తోట. క్వార్టరు ముందరి నాలుగడుగుల నేలలో బంతి, చామంతి, గులాబీ. వెనుక కరివేపాకు, బచ్చలి, ఆనపపాదు. 1958లో కంపెనీ స్వర్ణోత్సవ సందర్భంలో నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు, అందులోని గులాబీ తోట ఊరివారి తోటల మోజుకు కొత్త ఊపునిచ్చాయి. పుష్ప ప్రదర్శనలు ఈ నగరంలో సంవత్సరానికొక పండుగ అయ్యాయి.

రెండవది పొయ్యిమీది ప్రయోగం. ఓవెనులో కాల్చిన రొట్టె, కేకు ఆనాటి తెలుగింటి వంటలు కావు. అవి తొలినాళ్ళలో అమెరికన్, ఆంగ్ల ఇంజనీర్ల బంగళాలకు చెందినవి. అయితే కిందా పైనా నిప్పు పెట్టి కాల్చే విద్య తెలుగువారికి కొత్తదికాదు. మినపపిండిలో బియ్యపురవ్వ కలిపి, దళసరి గిన్నెలో మందంగా పోసి, మూతమీద కణకణలాడే నిప్పులు పరచి నెమ్మదిగా కాల్చే డిబ్బరొట్టె అచ్చంగా ఆ పద్ధతిలోనిదే. పైన పెళుసుగా, లోపల మెత్తగా ఉండే ఆ రొట్టెకు కావలసింది నిదానమైన సెగ. ఝరియా గనుల బొగ్గు అందుబాటులో ఉన్న సీమలో దానికి కొదవేముంది? ఆ తరువాతి తరంలో మన దేశపు మధ్యతరగతి ఇళ్ళకు గుండ్రటి అల్యూమినియం ఓవెన్లు వచ్చాయి. అవి లేనివారు కుక్కరులో ఇసుక పోసి, గాస్కెట్ తీసి కేకులు చేసుకున్నారు. 1965లో ఇండేన్ వంటగ్యాసు మొదలై, క్రమంగా ఇళ్ళకు చేరినకొద్దీ వంటింటి పొగ తగ్గింది. బొగ్గుపొగ మధ్య కడుపుతో ఉన్న స్త్రీ వంట చేయవలసివచ్చిన రోజులను తలచుకుంటే, ఈ మార్పు కేవలం సౌకర్యానికి సంబంధించినది కాదని తెలుస్తుంది.

పుట్టింటి దారి

కోడలు నీళ్ళోసుకున్నదన్న మాట తెలియగానే తెలుగింట రెండు లెక్కలు మొదలవుతాయి: ఒకటి నెలల లెక్క, రెండవది ప్రయాణపు లెక్క. తొలి కాన్పు పుట్టింట జరగాలన్నది ఆచారం. సీమంతం చేసి, గాజులు తొడిగి, సూడిదలు ఇచ్చి, చలిమిడి పెట్టి గర్భిణిని పుట్టింటికి పంపుతారు. జంషెడ్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఆ పుట్టిల్లు ఖరగ్‌పూర్ మీదుగా, కటకం, బరంపురం దాటి వెళ్ళవలసినంత దూరంలో ఉండేది. ఏ ఆముదాలవలసలోనో విజయనగరంలోనో రైలు దిగేసరికి అలసట ఎంతైనా, తల్లి చేతి పథ్యం ఉన్నదన్న ధైర్యం ఆమెను నడిపించేది. శొంఠి, వాము, వెల్లుల్లి కలిసిన బాలింత మందులు, పురిటి స్నానం, బారసాల, తిరుగు ప్రయాణంలో సారె, దానితోపాటు ఉయ్యాల: ఈ క్రమమంతా ఒక సంరక్షణ వ్యవస్థ. శాస్త్రం దృష్టిలో అందులోని కొన్ని పద్ధతులు నిలవకపోవచ్చు. బాలింతకు నెలల తరబడి విశ్రాంతి, తోడు కల్పించాలన్న ఆలోచన మాత్రం నిలుస్తుంది.

ప్రయాణానికి వీలు లేనివారికి ఇరుగుపొరుగే పుట్టిల్లు. జంషెడ్‌పూర్ క్వార్టర్ల వరుసలో ఒక గోడ తెలుగువారిదయితే, పక్క గోడ బెంగాలీలది, ఆపైది బీహారీలది. బెంగాలీ ఇంట గర్భిణికి ఇష్టమైనవి వండిపెట్టే వేడుక ‘సాధ్’, హిందీ కుటుంబాలలో అదే ‘గోద్ భరాయి’, తెలుగింట సీమంతం. పేర్లు వేరయినా విస్తరి ముందు కూర్చున్న స్త్రీ ఒక్కతే. వేవిళ్ళవేళ పులుపు కోరిన తెలుగు కోడలికి ‘మాసీ’ ఇంటినుంచి చట్నీ రావడం, ‘దీదీ’ పురిటికి ‘పిన్నిగారు’ కాపలా పడుకోవడం ఇటువంటి ఉక్కు నగరాల గృహజీవనంలో సహజమైన విషయాలు.

క్రమంగా మంత్రసాని స్థానంలోకి ఆసుపత్రి వచ్చింది. 1908లో చిన్న వైద్యశాలగా మొదలైన టాటా మెయిన్ ఆసుపత్రి ఊరితోపాటే పెరిగింది. 1915నుంచి ఉద్యోగులకు ఉచిత వైద్యం లభించింది. ఆసుపత్రి చేరువలో ఉన్న కొద్దీ పుట్టింటి ప్రయాణానికి బదులు తల్లే కూతురి ఇంటికి రైలెక్కి రావడం మొదలయింది. ఆచారం చెడలేదు, దిక్కు మాత్రం మారింది.

రేజాల హక్కు

ఇంతవరకు చెప్పినది క్వార్టరులోని ఇల్లాలి కథ. కర్మాగారపు ఆవరణలో మరొక స్త్రీ కూడా ఉంది. ఆమె పేరు రేజా. మట్టి, ఇటుక, ముడిసరకు తలమీద మోసిన ఈ కూలి స్త్రీలలో పరిసర గ్రామాల ఆదివాసులు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి పుట్టింటి సారె, క్వార్టరు గది రెండూ అందనివే. పని మానితే కూలి లేదు. కూలి లేకపోతే కూడు లేదు. అటువంటప్పుడు ప్రసవానికి ముందు ఎన్నాళ్ళు పని మానగలరు, తరువాత ఎన్నాళ్ళకు తిరిగి గంప ఎత్తుకోవాలి అన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

1919లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి మహాసభ ప్రసవానికి ముందు ఆరు వారాలు, తరువాత ఆరు వారాలు విశ్రాంతి ఉండాలని ఒడంబడిక చేసింది. జంషెడ్‌పూర్ కర్మాగారంలో ప్రసూతి సహాయం 1928లో ప్రవేశించింది. దేశంలో ఈ విషయమై తొలి రాష్ట్రస్థాయి చట్టం బొంబాయిలో వచ్చింది మరుసటి ఏడాది, 1929లో. 1928 ఈ ఊరికి శాంతియుతమైన సంవత్సరం కాదు. నెలల తరబడి సాగిన సమ్మె, లాకౌట్ల మధ్య సుభాష్ చంద్ర బోస్ కార్మిక నాయకత్వం వహించిన కాలమది. దాతృత్వం, కార్మిక చైతన్యం ఒకే కాలంలో పక్కపక్కన నడిచాయన్న సంగతిని చరిత్రకారులు విస్మరించరాదు.

అయితే ఇక్కడే ఒక వైపరీత్యం ఉంది. యంత్రాలు పెరిగేకొద్దీ తలమీద మోసే పని తగ్గింది; ఆ పనితోపాటే కర్మాగారంలో స్త్రీల సంఖ్యా తగ్గింది. హక్కు కాగితంమీద బలపడుతున్న కాలంలోనే దానిని అనుభవించవలసిన స్త్రీ గేటు దాటి బయటికి పోయింది. 1961లో ప్రసూతి ప్రయోజనాల చట్టం పన్నెండు వారాల వేతన విశ్రాంతిని దేశమంతటికీ నిర్దేశించింది. 2017లో సవరణ తొలి ఇద్దరు పిల్లల విషయంలో దానిని 26 వారాలకు పెంచి, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని చెప్పింది. కర్మాగారంలోనూ గాలి కొంత మళ్ళింది. 21వ శతాబ్ది తొలి దశకంలో ‘తేజస్విని’ పథకం కింద పలువురు రేజాలు భారీ వాహనాలు నడపడం నేర్చుకున్నారు. 2019లో నోవాముండి గనిలో స్త్రీలు అన్ని షిఫ్టులలోనూ విధులు చేపట్టారు.

లెక్కకు రాని శ్రమ

నగరం సాధించిన దానిని చుట్టుపక్కల పల్లెలతో పోల్చి చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆసుపత్రులలో జరిగిన కాన్పులు దేశంలో 88.6 శాతం కాగా, 2000లో ఏర్పడిన జార్ఖండ్ రాష్ట్రంలో 75.8 శాతం. అంటే ఆ రాష్ట్రంలో నలుగురు తల్లులలో ఒకరు అప్పటికీ ఆసుపత్రి వెలుపలే ప్రసవించారు. నూరేళ్ళకు పైగా వయసున్న ఆసుపత్రి ఒకచోట ఉన్నంత మాత్రాన దాని నీడ అందరిమీదా పడదు.

ఇంటి శ్రమ సంగతీ అంతే. జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసే స్త్రీ ‘పని చేయని’ వ్యక్తిగానే నమోదవుతూ వచ్చింది. 2019నాటి జాతీయ కాలవినియోగ సర్వేలో, ఇంటిపనులలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికి వెచ్చిస్తే, పాల్గొన్న పురుషులు వెచ్చించినది 97 నిమిషాలు.

క్వార్టరులోని ఇల్లాలికి పుట్టిల్లు, ఇరుగుపొరుగు, ఆసుపత్రి అండగా నిలిచాయి. వేతనం మాత్రం లేదు. రేజాకు వేతనం, ఆపై హక్కు వచ్చాయి. అండగా నిలిచే ఇల్లు లేకపోయింది. ఈ రెండూ ఒకే తల్లికి దక్కడం ఎలా అన్నదే జంషెడ్‌పూర్ గృహచరిత్ర మనముందుంచే ప్రశ్న. ఉక్కు గట్టిదనాన్ని పరీక్షించడానికి పద్ధతులు ఎన్నో ఉన్నాయి. ఒక నగరపు గట్టిదనం మాత్రం, అక్కడ బిడ్డ కోసం ఎదురుచూస్తున్న స్త్రీ ఎంత నిశ్చింతగా నిద్రపోగలదన్న దానిమీదనే ఆధారపడి ఉంటుంది.