పాఠశాలలలో ఆరోగ్యపరీక్ష: శుభ్రతయు, గౌరవమును

విద్యార్థుల వేతనములకును వసతిగృహములకును మన సంఘ పోషకులు చేయుచున్న సాయము సర్వజనవిదితము. బిడ్డ తలలో పేలున్నవా యను ప్రశ్న అల్పముగా తోచవచ్చును. కాని ఆ ప్రశ్న నడుగు తీరునుబట్టి బిడ్డ బడిలో నిలుచుటయో, సిగ్గుచే మానుటయో సంభవించును. కావున దీని చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

బోయరు యుద్ధకాలమున సైన్యములో చేరవచ్చిన యువకులు పెక్కండ్రు దుర్బలులుగా నుండుట ఇంగ్లండువారిని కలవరపెట్టెను. 1907 నాటి శాసనముచే అచట పాఠశాలలలో వైద్యపరీక్ష విధిగా నేర్పడెను. దాదులు పిల్లల తలలను పరీక్షింపసాగిరి. మన దేశమున 1946లో భోరు సంఘము పాఠశాలారోగ్యసేవ యావశ్యకమని నివేదించెను. ఆంధ్రప్రదేశమున 2010లో జవహర్ బాల ఆరోగ్య రక్షయు, దేశమంతట 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమును వెలసినవి. ఈ రెండవదాని ననుసరించి వైద్యబృందము ప్రభుత్వ పాఠశాలలకు ఏటేట వెళ్లి పిల్లలను పరీక్షింపవలెను.

హైదరాబాదు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల నడుమ సరూర్‌నగర్ ప్రాంతమున విక్టోరియా స్మారక అనాథాశ్రమము ఇరువదవ శతాబ్ది యారంభమున నెలకొనెను. నేడొక మెట్రో స్టేషను ఆ పేరనే యున్నది. ఇప్పుడా ప్రాంతమంతయు విద్యార్థుల వసతిగృహములతో నిండియున్నది. పలువురు ఒక్కగదిలో పక్కపక్కల పరుండుచోట పేలు ప్రబలుట సహజము.

పేను ఎగురదు, దుముకదు. తలకు తల తగులుటచే ప్రాకును. అంటిన తల, అంటని తల యను భేదము దానికి లేదు. టైఫసు జ్వరమును వ్యాపింపజేయునది ఒంటిపేనని 1909లో ట్యూనిసునందు చార్లెస్ నికోల్ కనిపెట్టెను. తలపేనువలన అట్టి భయము లేదు. ఈరు ఏడు మొదలు పది దినములలో పిల్లయగును గనుక, ఒకమారు మందు రాచి ఊరకున్న చాలదు. పేలదువ్వెనతో పలుమార్లు దువ్వి, వైద్యులు చెప్పిన గడువున మరల మందు రాయవలెను.

అశుచి యను నెపమున కొన్ని కులముల బిడ్డలను బడిగడప త్రొక్కనీయని కాలము మనకు తెలియనిది కాదు. అట్టి బిడ్డలకొరకే భాగ్యరెడ్డివర్మగారు 1910 ప్రాంతమున ఈ నగరమున పాఠశాలలు నెలకొల్పిరి. శుభ్రత యను మాట మరల వెలివేతకు సాధనము కారాదు. పేలున్నవని బిడ్డను బడినుండి పంపివేయరాదని అమెరికా శిశువైద్యుల సంఘమువారును చెప్పుచున్నారు.

కావున మన వసతిగృహములలో తలపరీక్ష చాటున, ఒక్కొక్కరికి వేరుగా జరుగవలెను. పేర్లు నలుగురిలో చదువరాదు. బాలికల జుట్టు బలవంతముగా కత్తిరింపరాదు. దువ్వెనలకును మందులకును నీటివసతికిని పోషకులు కొంత ద్రవ్యము కేటాయింతురుగాక యని ప్రార్థించుచున్నాము.