నచ్చకపోయినా పక్కన నిలబడటం

తోట్లవల్లూరు నుంచి ఉయ్యూరు వైపు వెళితే దగ్గర్లోనే ముదునూరు. మన కంపెనీల్లో చెప్పే "డైవర్సిటీ" పాఠాలు ఈ ఊరి కథతో మొదలెడితే బావుంటుందని నాకనిపిస్తుంది.

గోరా (గోపరాజు రామచంద్రరావు) గారు బోటనీ లెక్చరరు. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీలోనూ అదే కథ. జీతం లేదు, ఇంటినిండా పిల్లలు. అలాంటప్పుడు ముదునూరు వాళ్ళు ఆయన్ని తమ ఊరికి పిలిచారు. 1940లో గోరా, సరస్వతి గార్లు అక్కడే నాస్తిక కేంద్రం పెట్టారు. అలాగని ఊరంతా నాస్తికులైపోలేదు సుమా!

1944లో గోరా సేవాగ్రాం వెళ్ళి గాంధీగారిని కలిశారు. ఇద్దరూ గంటల తరబడి వాదించుకున్నారు, ఎవరూ మారలేదు. తర్వాత గోరా తన కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి చెయ్యాలనుకుంటే, ఆ పెళ్ళి తన ఆశ్రమంలోనే జరిపిస్తానన్నారు గాంధీ. రోజూ రామనామం చేసే మనిషి, ఆ పెళ్ళి ప్రమాణంలో దేవుడి బదులు సత్యం అనడానికి ఒప్పుకున్నారు! 1948 జనవరిలో ఆయన హత్య జరిగింది. అయినా మాట పోలేదు. మార్చి 13న సేవాగ్రాంలోనే పెళ్ళయింది.

పక్క సీటువాడి తిండి, పూజ, పెళ్ళి మనకి నచ్చక్కర్లేదు, వాదించుకోవచ్చు కూడా. కానీ వాటివల్లే వాడి ఉద్యోగం పోయే రోజొస్తే, మనం ముదునూరు వైపా, కాలేజీ వైపా? మీరే ఆలోచించండి.