పంక్తి చివర పలకని అక్షరం

తెర మీద మనకు పంక్తులుగా కనబడే రచన కంప్యూటరు లోపల పంక్తులుగా ఉండదు. అక్కడ ఉండేది ఒకే ఒక్క పొడవాటి అంకెల వరుస. ఒక పంక్తి ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో తెలపడానికి ఆ వరుస నడుమ ఒక గుర్తు పెడతారు. ఆ గుర్తు కంటికి కనబడదు, నోటికి పలకదు, అచ్చులో సిరా ఖర్చు చేయదు. అయినా అది ఏ అంకె కావాలన్న విషయంలో లోకం అరవై యేళ్ళు దాటినా ఏకాభిప్రాయానికి రాలేదు. కొందరు 10 అన్నారు. కొందరు 13 అన్నారు. మరికొందరు 13, 10 రెండూ ఒకదాని వెంట ఒకటి ఉండాలన్నారు. ఎవరి ఇంట వారున్నంత కాలం ఈ తేడా ఎవరినీ బాధించలేదు. ఒకే రచన మీద పలువురు, పలురకాల యంత్రాల నుంచి పనిచేయడం మొదలయ్యాకనే చిక్కు వచ్చి పడింది. ఆ చిక్కు ఎలా పుట్టిందో, దాన్ని విప్పబోయినవారు ఏమేమి చేశారో ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

కథను టైపు మిషను దగ్గర మొదలుపెట్టాలి. మన పట్టణాల్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలిగిన రోజుల్లో లోయరు, హయ్యరు పరీక్షలకు కూర్చున్నవారికి ఈ సంగతి చేతివేళ్ళకే తెలుసు. పంక్తి చివరికి వస్తుండగా గంట మోగుతుంది. ఎడమచేతి వైపున్న మీటను తోస్తే రెండు పనులు జరుగుతాయి. కాగితం ఒక వరుస పైకి జరుగుతుంది; కాగితాన్ని మోసే బండి తిరిగి పంక్తి మొదటికి చేరుతుంది. మొదటి దాని పేరు లైన్ ఫీడ్, రెండవదాని పేరు క్యారేజ్ రిటర్న్. మనిషి చేతికి ఇది ఒక్క తోపు మాత్రమే.

దూరాన ఉన్న టైపు యంత్రాన్ని తీగల మీదుగా నడపవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క తోపు రెండుగా చీలింది. ఫ్రాన్సులో ఎమిల్ బోదో 19వ శతాబ్దంలో రూపొందించిన తంతి సంకేతాన్ని న్యూజీలాండుకు చెందిన డోనల్డ్ మరే 1901 ప్రాంతంలో సంస్కరించాడు. ఆ పరంపరలో వచ్చిన టెలిప్రింటర్లలో బండిని వెనక్కి రప్పించడానికి ఒక సంకేతం, కాగితాన్ని జరపడానికి వేరొక సంకేతం ఉండేవి. వేరుచేయడంలో ప్రయోజనం లేకపోలేదు. కాగితాన్ని జరపకుండా బండిని మాత్రమే రప్పిస్తే, అదే పంక్తి మీద మళ్ళీ అచ్చు వేసి అక్షరాలను ముదురుగా చేయవచ్చు, కింద గీత గీయవచ్చు.

1963లో వచ్చిన టెలిటైప్ 33 అనే యంత్రం సెకనుకు 10 అక్షరాలు అచ్చువేసేది. అంటే ఒక్కో అక్షరానికి సెకనులో పదోవంతు. పంక్తి కొస నుంచి మొదటికి రావడానికి మాత్రం అంతకన్నా ఎక్కువ సమయం పట్టేది. ఆ లోపల తరువాతి అక్షరం వచ్చిపడితే పంక్తి మధ్యలో ఎక్కడో మరకలాగా అచ్చయ్యేది. అందుచేత ముందు బండిని రమ్మనే సంకేతం పంపి, అది దారిలో ఉండగా కాగితాన్ని జరపమనే సంకేతం పంపేవారు. రెండవ సంకేతం తన పని చేస్తూనే మొదటిదానికి కావలసిన వ్యవధిని కూడా ఇచ్చేది. 13 ముందు, 10 వెనుక అన్న క్రమం వెనుక ఉన్న సిద్ధాంతం ఇంతే. అదే సంవత్సరం వెలువడిన ఆస్కీ ప్రమాణంలో క్యారేజ్ రిటర్నుకు 13, లైన్ ఫీడుకు 10 స్థిరపడ్డాయి.

అక్కడి నుంచి దారులు వేరయ్యాయి. 1964లో మొదలైన మల్టిక్స్ నిర్మాతలు ఒక మంచి ప్రశ్న వేసుకున్నారు. ఫైలులో భద్రపరచేది రచననా, అచ్చుయంత్రానికి ఇచ్చే ఆజ్ఞలనా? రచననే అయితే పంక్తి ముగిసిందని చెప్పడానికి ఒక్క గుర్తు చాలు. ఏ యంత్రానికి ఏ ఆజ్ఞలు కావాలో వాటిని పంపే ప్రోగ్రాము చూసుకుంటుంది. వారు 10ని ఎంచుకున్నారు. 1969లో బెల్ ల్యాబ్సులో పుట్టిన యూనిక్సు దాన్నే అనుసరించింది. లినక్సుకు అది వారసత్వంగా వచ్చింది. ఇటు గ్యారీ కిల్డాల్ 1974లో రాసిన సీపీఎమ్ అప్పటి డెక్ కంప్యూటర్ల ఆచారం ప్రకారం 13, 10 జంటను నిలుపుకుంది. 1981లో వచ్చిన ఎమ్మెస్ డాసు సీపీఎమ్ నుంచి, విండోసు డాసు నుంచి ఆ జంటను పుచ్చుకున్నాయి. యాపిల్ సంస్థ 1984 నాటి మెకింతోషులో 13 ఒక్కటే చాలంది. 2001లో యూనిక్సు పునాది మీద కొత్త మ్యాక్ ఓఎస్ వచ్చాక ఆ మూడో శాఖ క్రమంగా అంతరించింది. ఇంటర్నెట్టులో ఉత్తరాల రవాణాకు 1982లో ఏర్పడిన నియమాలు మాత్రం 13, 10 జంటనే విధించాయి. వీరిలో ఎవరూ అవివేకులు కారు. ప్రతివారూ తమ కాలానికి, తమ యంత్రానికి తగిన నిర్ణయమే తీసుకున్నారు.

ఇక వెర్షన్ కంట్రోలు దగ్గరకు వద్దాం. ఒక రచన కాలక్రమంలో పొందిన మార్పులన్నిటినీ, ఎవరు ఎప్పుడు ఏమి మార్చారన్న వివరంతో సహా దాచి ఉంచే ఉపకరణమిది. 1972లో బెల్ ల్యాబ్సులో మార్క్ రోచ్‌కైండ్ చేసిన ఎస్‌సీసీఎస్, 1982 నాటి వాల్టర్ టిషీ ఆర్‌సీఎస్ ఈ కోవలో తొలివి. ఇవి మార్పును అక్షరం లెక్కన కాదు, పంక్తి లెక్కన కొలుస్తాయి. రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి, ఏ పంక్తులు పోయాయి, ఏవి కొత్తగా వచ్చాయి అని చూస్తాయి. అంటే పంక్తి చివరి గుర్తు మారితే, మనిషి కంటికి ఏమీ మారకపోయినా, ఈ ఉపకరణాల దృష్టిలో ఆ పంక్తి మారినట్టే. అందరూ యూనిక్సులోనే పనిచేసినంతకాలం ఈ ప్రమాదం బయటపడలేదు.

1986లో డిక్ గ్రూన్ ఆరంభించిన సీవీఎస్ నెట్‌వర్కు మీద పలువురికి ఉమ్మడి భాండాగారమైంది. విండోసు వారూ, యూనిక్సు వారూ ఒకే గూటికి చేరారు. సీవీఎస్ వేసిన పథకం సులువైనదే. భాండాగారంలో ఎప్పుడూ 10 మాత్రమే ఉంటుంది. విండోసు మనిషి ఫైలు తీసుకున్నప్పుడు ప్రతి 10కి ముందు 13 చేరుతుంది. తిరిగి ఇచ్చినప్పుడు ఆ 13 రాలిపోతుంది. రచనల వరకు ఇది బాగానే ఉంది. కాని బొమ్మలలో 10 అంటే పంక్తి ముగింపు కాదు, అదొక రంగు కావచ్చు. ఇది రచన కాదు సుమా అని చేర్చేటప్పుడే చెప్పకపోతే ఫైలు పాడయ్యేది. ఇటువంటి మార్పిళ్ళ బెడద అప్పటికే ఎంత ప్రసిద్ధమంటే, 1996లో ప్రమాణంగా వెలువడిన పీఎన్‌జీ బొమ్మల మొదటి 8 బైట్లలోనే దానికి కాపలా పెట్టారు. ఆ బైట్లు వరుసగా 137, 80, 78, 71, 13, 10, 26, 10. దారిలో ఎవరైనా పంక్తి ముగింపులను దిద్దితే ఆ 13, 10ల పొందిక చెడుతుంది. బొమ్మ తెరవకముందే దొంగతనం పట్టుబడుతుంది.

ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకంగా సంబంధించిన సంగతి ఒకటుంది. యూనికోడులో తెలుగు అక్షరాల సంఖ్యను యూటీఎఫ్-16 పద్ధతిలో రాస్తే ఒక్కో అక్షరానికి రెండేసి బైట్లు వస్తాయి. అందులో ఒకటి ఎప్పుడూ 12. రెండవది అక్షరాన్ని బట్టి మారుతుంది. ‘అ’కు 5, ‘ఆ’కు 6, అలా లెక్కపెట్టుకుంటూ పోతే ‘ఊ’ దగ్గర 10 వస్తుంది! బైట్లను మాత్రమే చూసి దిద్దే ప్రోగ్రాముకు ‘ఊరు’ అన్న మాటలో మొదటి అక్షరం పంక్తి ముగింపుగా కనబడుతుంది. అది అక్కడ ఒక 13ను దూర్చుతుంది. అక్కడి నుంచి జతలన్నీ ఒక బైటు మేర పక్కకు జరిగి, తెలుగు అక్షరాల స్థానంలో చీనా, జపాను లిపుల గుర్తులు ప్రత్యక్షమవుతాయి. మలయాళం ‘ఊ’ మరీ దురదృష్టవంతురాలు. దాని రెండు బైట్లు సరిగ్గా 13, 10. గుజరాతీ, గురుముఖి అక్షరాలన్నిటిలోనూ 10 ఒక భాగం. పాత నోట్‌ప్యాడులో ‘యూనికోడ్’ అని ఎంచుకుని భద్రపరిస్తే వచ్చేది ఈ యూటీఎఫ్-16 ఫైలే. యూటీఎఫ్-8లో ఈ గండం లేదు. అందులో తెలుగు అక్షరాల బైట్లన్నీ 128కి తక్కువ కానివే కనుక 10గానీ 13గానీ వాటిలో తలెత్తవు. భారతీయ భాషల రచనలకు యూటీఎఫ్-8 క్షేమకరమనడానికి గల కారణాలలో ఇదీ ఒకటి.

2004 ఫిబ్రవరిలో తొలి స్థిరమైన కూర్పుగా విడుదలైన సబ్‌వర్షన్, సీవీఎస్ అనుభవం నుంచి పాఠం నేర్చుకుంది. అడగకుండా దేన్నీ ముట్టుకోరాదన్నది దాని నియమం. ఏ ఫైలుకు పంక్తి ముగింపు ఎలా ఉండాలో ఆ ఫైలుకే ఒక లక్షణంగా తగిలించవచ్చు. ఆ లక్షణం ఫైలుతో పాటు అందరికీ చేరుతుంది. ఆలోచన చక్కనిది. కాని ప్రతి కొత్త ఫైలుకూ దాన్ని తగిలించడం మరచిపోకుండా ఉండేవారెందరు?

2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను ఆరంభించాడు. అది ప్రతి ఫైలుకు, అందులోని బైట్ల నుంచి లెక్కగట్టిన ఒక ముద్రను వేస్తుంది. ఒక్క బైటు మారినా ముద్ర మారుతుంది. అంతటి నిక్కచ్చి ఉపకరణానికి పంక్తి ముగింపుల తేడా చిన్న విషయం కాదు. అయిదువేల పంక్తుల ఫైలు ఒకటి ఉందనుకుందాం. ఒకరు తమ యంత్రంలో దాన్ని తెరిచి ఒక్క అక్షరం దిద్దారు. వారి ఎడిటరు మౌనంగా ముగింపులన్నీ మార్చి భద్రపరిచింది. చరిత్రలో నమోదయ్యేది ఒక్క అక్షరం కాదు. అయిదువేల పంక్తులు పోయి అయిదువేల పంక్తులు వచ్చాయని. పరిశీలకుడికి నిజమైన మార్పు ఆ గడ్డివాములో సూది. అదే ఫైలు మీద వేరొకచోట పనిచేస్తున్నవారి దిద్దుబాట్లు దీనితో కలవవు. ఫలానా పంక్తిని ఎవరు రాశారని అడిగితే, పదేళ్ళుగా పదిమంది రాసినదంతా ఈ ఒక్కరి పేరనే చూపుతుంది. జ్ఞాపకం కోసం పెట్టుకున్న ఉపకరణమే మరపు తెచ్చిపెడుతుంది. అసలు నష్టం ఇదీ.

2007 ఫిబ్రవరిలో టోర్వాల్డ్సే దీనికి ఆటో-సీఆర్‌ఎల్‌ఎఫ్ అనే మార్గం చేర్చాడు. అది సోమరివాడి పద్ధతి అని ఆ మార్పుకు పెట్టిన శీర్షికలోనే చెప్పుకున్నాడు. చేసే పని సీవీఎస్ చేసినటువంటిదే: బయట 13, 10, లోపల 10. చిక్కేమిటంటే ఇది ఎవరి యంత్రంలో వారు పెట్టుకునే అమరిక. ఒకరు పెట్టుకుంటారు, ఒకరు మానేస్తారు. విండోసులో గిట్‌ను స్థాపించేటప్పుడు అడిగే ప్రశ్నలలో ఇదొకటి. అర్థం తెలియక ఏదో ఒకటి నొక్కి ముందుకు సాగేవారు తక్కువమంది కారు. విండోసు ముగింపులతో లినక్సుకు చేరిన స్క్రిప్టులో మొదటి పంక్తి చివరి 13, తనను నడపవలసిన ప్రోగ్రాము పేరుకు అంటుకుపోతుంది. అటువంటి ప్రోగ్రామే లేదని లినక్సు మొండికేస్తుంది. చూసేవారికి పేరు సరిగానే కనబడుతుంది.

2010 జులైలో వచ్చిన గిట్ 1.7.2తో నిలకడైన పరిష్కారం దొరికింది. గిట్-యాట్రిబ్యూట్స్ అనే చిన్న ఫైలు భాండాగారంలోనే ఉంటుంది. ఏవి రచనలు, ఏవి కావు, ఏ రకానికి ఏ ముగింపు అన్నది అందులో ఒకటి రెండు పంక్తుల్లో రాసిపెడితే, భాండాగారాన్ని తెచ్చుకున్న ప్రతివారికీ అదే వర్తిస్తుంది. సొంత అమరికలు ఎలా ఉన్నా ఈ మాటే చెల్లుతుంది. 2018 జనవరిలో, పాత ఫైలులన్నిటినీ ఒక్కసారిగా ఈ ఒప్పందానికి తెచ్చే సౌకర్యం వచ్చింది. అలా దిద్దిన రోజును పక్కన పెట్టి, పంక్తిని నిజంగా రాసినవారి పేరు చూపించే వీలు 2019 ఆగస్టులో వచ్చింది.

ఈ వివేకం మన తాళపత్రాల వారికి కొత్త కాదు. తాటాకు మీద పంక్తి ఆకు అంచు దాకా సాగుతుంది. ఆకు పొట్టిదైతే పంక్తి పొట్టిది, పొడుగుదైతే పొడుగుది. సి.పి. బ్రౌన్ పండితులను నియమించి ఒకే కావ్యపు ప్రతులను అనేకం సరిచూయించినప్పుడు వారు వెతికినవి పాఠాంతరాలు; పంక్తి ఏ అక్షరం దగ్గర విరిగిందన్న దాన్ని ఎవరూ పాఠాంతరంగా లెక్కించరు. ఏది కావ్యమో, ఏది ఆకు వెడల్పో పరిష్కర్తకు తెలుసు. యంత్రానికి ఆ విచక్షణ లేదు. మనం చెప్పాలి. ఒక్కొక్కరి చెవిలో వేరువేరుగా చెబితే పదిమంది పది రకాలుగా వింటారు. గ్రంథంలోనే రాసిపెడితే గ్రంథం వెళ్ళిన చోటికల్లా ఆ మాటా వెళుతుంది. 1990ల నుంచి సాగిన ఇన్ని ప్రయత్నాల సారం నాకు తోచినంతవరకు ఇదే.

2018లో నోట్‌ప్యాడు కూడా ఒంటరి 10ని పంక్తి ముగింపుగా గుర్తించడం నేర్చుకుంది. టెలిటైపు బండ్లు ఆగిపోయి దశాబ్దాలైంది. వాటి కోసం పుట్టిన 13 మాత్రం కోట్ల ఫైలులలో ఇంకా ప్రయాణం చేస్తూనే ఉంది. పలువురు కలిసి రాసే పని ఏదైనా మొదలుపెట్టబోతున్నవారు, మొదటి పంక్తి రాయకముందే ఆ చిన్న ఫైలు రాసిపెట్టుకోవలసిందిగా మనవి.