చెవి తీర్పు, కొలత తీర్పు

గోదావరిఖని భూగర్భ గనులలో పనికి దిగినవాడు మున్ముందుగా పైకప్పును కర్రతోనో గడ్డపారతోనో తట్టి వినుట పాత అలవాటు. గట్టి కప్పు ఖంగుమని పలుకును. లోపల పొర వీడినచో డొల్ల మోత వినవచ్చును. ఆ భేదమును చెవి పట్టలేనిచో ప్రాణమునకే ముప్పు. అట్టి చెవిగలవాడు అంగడిలో రేడియోనో స్పీకరునో కొనునపుడు కాగితము మీది అంకెలను నమ్మవలెనా, తన చెవిని నమ్మవలెనా?

ఈ తగవు ఇంజనీర్ల నడుమ చాలకాలము నడచినది. 1945లో అమెరికాలో చిన్, ఐజెన్‌బర్గ్ అను ఇరువురు రేడియో శ్రోతలకు సంగీతమును పలువిధముల వినిపించి చూచిరి. మంద్రము నుండి తారము వరకు నిండుగా వచ్చు ధ్వని కంటె, రెండు కొనలును కోసిన ధ్వనియే హెచ్చుమందికి నచ్చెను. కొలతలవారికి ఇది తలవంపే గదా!

1947లో హారీ ఆల్సన్ అను శాస్త్రజ్ఞుడు మధ్యనున్న యంత్రమునే తొలగించెను. తెరవెనుక వాద్యబృందమును కూర్చుండబెట్టి, సెకనుకు 5,000 కంపనములకు పైబడిన ధ్వనులను ఆపగల తలుపులను అడ్డుగా నిలిపెను. అవి ఎప్పుడు మూసిరో, ఎప్పుడు తెరచిరో వినువారికి కానరాదు. ఈ మారు మూడింట రెండువంతుల మంది నిండు ధ్వనినే కోరిరి. అనగా మునుపు శ్రోతలు త్రోసిపుచ్చినది పై ధ్వనులను కాదు, నాటి యంత్రములు వానితోపాటు తెచ్చిన గరగరను అని ఆల్సన్ తలంచెను.

1980 దశకమున కెనడాలో ఫ్లాయిడ్ టూల్, పేరును ధరయు తెలియనీయక స్పీకర్లను వినిపించెను. వినికిడి చక్కగానున్నవారి తీర్పులు చాలవరకు ఏకీభవించినవి. వారు మెచ్చినవి కొలతలోను చక్కగానే నుండెను. వినికిడి తగ్గినవారి తీర్పు మాత్రము నిలుకడ తప్పెను.

గని కార్మికుల ఇండ్లకు ఇది చిన్నమాట కాదు. ఏండ్ల తరబడి డ్రిల్లుల హోరు చెవిని తొలుత 4,000 కంపనముల పరిసరమున మొద్దుబార్చును. అట్టి తండ్రికి ఇంపైన సెట్టు పిల్లలకు కీచుమనును. కావున కొనునపుడు ఇంటిల్లిపాదియు కన్నులు మూసికొని, రెండు సెట్లను ఒకే బిగ్గరతనమున విని చూడుట మేలు. కొంచెము బిగ్గరగా పలుకునది మేలైనదిగా తోచుట చెవికి సహజము. ఇంటి పెద్ద ఒక్కడే ట్రెబుల్ మీటను పైపైకి త్రిప్పుచున్నచో, ముందు వైద్యునికి చూపవలసినది అతని చెవిని. మరునాటి షిఫ్టులో అతడు కప్పు తట్టి వినవలసినది ఆ చెవితోనే.