మజిలీకొక కథ



ఈనాటి నా ప్రసంగమునకు విషయము కాశీమజిలీ కథలు. పేరు వినగానే మీలో పలువురకు చిన్ననాటి దీపపు వెలుగును, అంచులు నలిగిన పుస్తకమును జ్ఞప్తికి వచ్చియుండును. మాంత్రికులు, యక్షిణులు, మాటలాడు చిలుకలు, శాపములు, వరములు గల ఆ లోకము కల్పితమని ఎఱుగనివారు లేరు; ఎఱిగియు దానిని విడువలేనివారే పెక్కుమంది. ఇట్టి కథలు చదువుట కాలహరణమని గద్దించు పెద్దలు ప్రతి తరమునను ఉన్నారు. అయినను ఆ కథలు తరతరమునను బ్రతికి బయటపడినవి. వానిని బ్రతికించినవారెవరు? ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును మీకు మనవి చేసెదను.

మన దేశపు అద్భుత కథలకు మూలపురుషుడు గుణాఢ్యుడు. ఆయన శాతవాహన రాజునొద్ద మంత్రిగా నుండెనని ప్రతీతి. శాతవాహనుల తొలి నాణెములు మన గోదావరి తీరమున కోటిలింగాలలో దొరకినవి గనుక ఆయన మనకు పరాయివాడు కాడు. ఒక పందెమున ఓడి ఆయన సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను విడిచెను. అడవిలో పైశాచీ భాష నేర్చి, సిరా లేనందున తన నెత్తుటితో ఏడు లక్షల గ్రంథముగల బృహత్కథను వ్రాసెను. శిష్యులు దానిని రాజునొద్దకు కొనిపోగా, ఆయన ఆ భాషను, ఆ నెత్తుటి వ్రాతను ఏవగించుకొని త్రోసివేసెను. అంతట గుణాఢ్యుడు కొండపై అగ్ని రగిల్చి, ఒక్కొక్క పత్రమును చదివి నిప్పులో వేయసాగెను. మృగములు మేత మాని, చుట్టుజేరి, కన్నీరు కార్చుచు వినినవట! రాజు సంగతి తెలిసి వచ్చునప్పటికి ఆరు లక్షలు భస్మమైనవి. శిష్యులకు మిక్కిలి ప్రీతియని కాల్చక అట్టిపెట్టిన నరవాహనదత్తుని కథ యొక్కటే, ఒక లక్ష, మిగిలినది.

ఈ వృత్తాంతము 11వ శతాబ్దిలో కాశ్మీర పండితుడు సోమదేవుడు సూర్యవతీ రాణి వినోదార్థము రచించిన కథాసరిత్సాగరమున మొదటి లంబకముననే కలదు. బృహత్కథ మూలము నేడు దొరకదు. ఇదంతయు జరిగిన చరిత్ర యని నేననను. కాని యిందు గుర్తింపదగిన విషయమొకటి కలదు. రాజు కాదన్నది బూడిదయైనది. వినువారు ప్రేమించినది మిగిలినది.

ఇక కాశీ త్రోవకు వత్తము. రైలు లేని దినములలో కాశికి పోయి వచ్చుట సామాన్యము కాదు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టున దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన బయలుదేరి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరిరి. పదునైదు నెలల పదునైదు దినములు! ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. ఏ మజిలీ ఎంత దూరము, త్రోవ ఎట్టిది, ఎచ్చట ఏమి దొరకును అని ఆయన ఓపికతో వ్రాసిరి. అది కన్నులతో చూచిన త్రోవ. నడిచి నడిచి మజిలీ చేరిన బాటసారికి నీరును, కూడును, నీడయును అమరిన పిమ్మట ఇంకొకటి కావలయును. అదియే కథ.

ఆ కొఱతను తీర్చినవారు మధిర సుబ్బన్న దీక్షితులుగారు. వారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగములు. మణిసిద్ధుడను యతి కాశికి పోగోరెను. తోడు లేనిదే దూరప్రయాణము సాగదు. పశువుల కాపరియైన గోపుడు తోడువచ్చుటకు ఒప్పుకొనెను గాని ఒక నియమము పెట్టెను: త్రోవలో తనకు కథలు చెప్పవలెను, చెప్పనిచో అడుగు కదలడు. మజిలీ చేరగానే ఆ బాలుడు ఊరు చూడబోవును. ఏదో యొక వింత కనబడును. పరుగున వచ్చి దాని కారణమేమని గురువును నిలదీయును. గురువు మణి మహిమచే జరిగినదంతయు గ్రహించి చెప్పును. ఒక కథ కడుపున మఱియొక కథ పుట్టును. మంచి పట్టున ప్రొద్దుపోవును. తరువాయి పై మజిలీకి నిలుచును.

ఇందలి మర్మమును గమనింపుడు. గురువు సర్వజ్ఞుడు, అయినను బాలుడు అడుగనిదే కథ పుట్టదు. అక్షరము రాని పసులకాపరికి గ్రంథకర్త ఎంత పెద్ద పీట వేసెను! కథకు నోరు గురువుది, కాలు గోపునిది. రాజకుమారులు, మాంత్రికులు ఎందఱు వచ్చి పోయినను, చదువరి మనస్సున నిలుచువాడు ఆ గోపుడే. ఏలయన, తరువాత ఏమయ్యెనని అడుగు ప్రతి చదువరియు గోపుడే. పల్లెలలో ఒకరు చదువగా పదిమంది వినిన కాలమది. నా ఉపాధ్యాయత్వమునందు, వాచకము తెఱవ నొల్లని బాలుడు ఈ కథల నొక భాగము ముగించి, రెండవ భాగమునకై నా బల్లయొద్ద నిలుచుట చూచితిని. ఆ గ్రాంథిక భాష వానికి అడ్డు రాలేదు.

ఇది మన తెలుగువారి సొత్తు మాత్రమే కాదు. నేనిప్పుడు నివసించు చోటు హైదరాబాదున లక్డీకాపూల్. ఆ పేరునకు కట్టెవంతెన యని అర్థము. కట్టె ఎన్నడో పోయినది; పేరు మాత్రము జనుల నోట నిలిచినది; నేడు మెట్రో రైలును ఆ పేరిటనే ఆగుచున్నది. మజిలీ యను మన మాటకును మూలము మంజిల్ అను అరబ్బీ మాటయే. ఇచ్చటి ఉర్దూ పెద్దలకు మన మణిసిద్ధుడు తెలియడు. కాని అమీర్ హంజా దాస్తాను పేరెత్తినచో వారి ముఖములు వికసించును. లక్నోలో నవల్ కిషోర్ ముద్రణాలయమువారు 1883 మొదలుకొని ఆ కథలను నలువదియాఱు సంపుటములుగా ప్రకటించిరి. అందు తిలిస్మె హోష్‌రుబా అను మాయాలోకమునకు అఫ్రాసియాబు ఏలిక. అతని మాంత్రికులను ముప్పుతిప్పలు పెట్టు అమర్ అయ్యారు సంచిలో లోకమంతయు పట్టును. ఇన్ని సంపుటములు అచ్చులో నుండియు, 1928లో ఢిల్లీలో మీర్ బాకర్ అలీ మరణించిన పిమ్మట ఆ కథనవిద్య మూగవోయినది. 2005లో ఢిల్లీలోనే కొందఱు మరల సభలలో చెప్పనారంభించిన పిదపనే దానికి ఊపిరి వచ్చినది. కథకు పుస్తకము పెట్టె వంటిది. చెప్పువాడును, వినువాడును ఉన్నగాని అది తెఱువబడదు.

మనవైపునను కథ త్రోవలు మార్చుకొనుచు నడచినది. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రమునకు మూలము కాశీమజిలీ కథలయందే కలదు. 1947లో పుట్టిన చందమామలో 1954 నుండి దాసరి సుబ్రహ్మణ్యముగారి తోకచుక్క మొదలగు ధారావాహికలు వెలువడగా, బాలురు నెలనెలయు టపావానికై ఎదురుచూచిరి. చందమామయు ఆగిపోయినది. నేటి బాలురు హ్యారీ పాటర్ అను మాంత్రిక బాలుని కథను చదువుచున్నారు. అవి 1997 నుండి 2007 వరకు ఇంగ్లండున వెలువడిన ఏడు సంపుటములు. అందలి పాత్రలను తమ యింటివారివలె పేరుపేరున చెప్పుకొందురు. అది చూచి కొందఱు పెద్దలు, అన్యభాషలోని అబద్ధపు కథలని, పనికిమాలిన చదువని ముఖము చిట్లింతురు.

అయ్యా, శాతవాహన రాజు పలికిన పలుకును ఇంచుమించుగా ఇదియే కదా! భాష నచ్చదు, వ్రాత నచ్చదు అని ఆయన త్రోసిపుచ్చెను. ఆరు పాళ్లు అగ్నికి ఆహుతియైనవి. మనము త్రోసిపుచ్చినచో కాలునది వారి పుస్తకము కాదు, మన కథ. నా మాట వినని పెద్దవానికి నా కథ వినిపింపనేల యని బాలుడు తలంచును. వినువాడు లేచిపోయిన యింట చెప్పువాడు మూగవాడగును. మణిసిద్ధునివంటి జ్ఞానికే గోపుడు లేక కాశీ త్రోవ సాగలేదు; మనమెంత?

కనుక నా మనవి యిది. రాత్రి భోజనానంతరము మీ మనుమని పిలిచి, వాడు చదువు కథ చెప్పుమని అడుగుడు. నడుమ నడుమ అటుపిమ్మట ఏమయ్యెనని ప్రశ్నింపుడు. ఒక్కనాడు మీరే గోపులు కండు. మఱునాడు వాడు మిమ్ము కథ అడుగకపోడు. అప్పుడు మీ యటుకమీది పెట్టెలో కాశీమజిలీల భాగమొకటి చెదలు తినక మిగిలియున్నచో, దుమ్ము దులిపి మొదటి పుట తీయుడు. అది లేకున్నను చింత లేదు. మీ తాతగారు మీకు చెప్పినది చాలును.