కరువుసీమ ఉరుము

ఉరుము అనంతపురం పీఠభూమి పల్లెల్లో గ్రామదేవతల ముందు వాయించే రెండు మూతుల తోలువాద్యం. వాయించేవాళ్లను ఉరుములవాళ్లంటారు. వాళ్లు మాల కులస్తులు. ఆ ఇళ్లలో తరం నుంచి తరానికి దిగుతూ వచ్చిన విద్య ఇది. ఈ వాద్యం గురించి శాసనాలు దాదాపు మాట్లాడవు, సంగీత గ్రంథాలు పట్టించుకోలేదు, కచేరీ వేదికలు పిలవలేదు. అయినా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెల్లో అది లేనిదే అమ్మవారు గుడి దాటి బయటికి రాదు. ఊరికి అంత అవసరమైన వాద్యాన్ని ఊరి బయటే ఎందుకు ఉంచారన్నది దాని చరిత్రలో అసలు ప్రశ్న.

ఉరుము నడుము సన్నగా, మూతులు వెడల్పుగా ఉంటాయి. కట్టెతో గానీ ఇత్తడితో గానీ చేసిన గుల్లకు రెండువైపులా తోలు మూసి, ఒక అంచు నుంచి మరో అంచుకు తాడును ఏటవాలుగా లాగి బిగిస్తారు. వాయించే మనిషి దాన్ని మెడకు తగిలించుకుని పొట్ట ముందు అడ్డంగా నిలుపుకుంటాడు. ఒక మూతిని సన్నని, తిన్నని పుల్లతో కొడతాడు. ఆ దెబ్బ పొడిగా, చురుగ్గా ఉంటుంది. రెండో మూతి పని వేరు. ఆ తోలు మీద వంపు తిరిగిన కర్ర కొనను ఆనించి, గట్టిగా ఒత్తిపట్టి తోస్తాడు. కర్ర సాఫీగా జారదు. తోలును పట్టుకుంటూ, వదులుతూ పోతుంది. ఆ పట్టుకూ వదులుకూ మధ్య తోలు మూలుగుతుంది. ఒత్తిడి పెంచితే మూలుగు పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి దిగుతుంది. తాళం ఒక చేతిలో, గొంతు ఇంకో చేతిలో ఉన్నట్టు లెక్క. తోలును రాపిడితో పలికించే వాద్యాలు ప్రపంచంలో వేరేచోట్లా ఉన్నాయి. స్పెయిన్‌లో జాంబోంబా, బ్రెజిల్ సాంబాలో కుయికా ఆ కోవకు చెందినవే. వాటిలో తోలుకు కట్టిన పుల్లను రుద్దుతారు, ఉరుములో నేరుగా తోలునే రుద్దుతారు. దెబ్బా రాపిడీ రెండూ ఒకే మనిషి చేతుల్లో, ఒకే వాద్యంలో కలవడం అరుదు. నేర్చుకోవడంలో కష్టమంతా రెండో చేతిలోనే ఉంది. దెబ్బ లెక్క పిల్లలు చూసి పట్టేస్తారు. తోలు ఎక్కడ ఎంత ఒత్తితే ఏ గొంతు పలుకుతుందో చెయ్యికి తెలియడానికి ఏళ్లు పడుతుంది.

ఉరుము మోగే ఈ నేలకు ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే చాలావరకు కురిసి పోతాయి, ఈశాన్యం కోస్తా దాటి వచ్చేసరికి బలం తగ్గుతుంది. చెరువు నిండిన సంవత్సరాన్ని పెద్దలు ఏళ్లతరబడి తలుచుకునే ప్రాంతమిది. వాన కోసం కప్పతల్లి ఆడించడం, విరాటపర్వం చదివించడం తెలుగునాట అన్నిచోట్లా ఉన్నవే. ఈ సీమలో వాటితోపాటు నీళ్లకు, నేలకు కాపలాగా కొలిచే అక్కదేవతలున్నారు. అక్కమ్మగార్లని గౌరవంగా పిలుచుకునే ఈ అక్కచెల్లెళ్లకు గుట్టల మీద, బావుల దగ్గర చిన్న చిన్న గుళ్లుంటాయి. ఉరుములవాళ్ల కొలువు ముఖ్యంగా ఈ దేవతలదే. గంగమ్మకు, ఊళ్లో అమ్మవారికి చేసే పెద్ద పండుగైన దేవరకు కూడా వాళ్లే రావాలి.

దేవర నాడు వాళ్ల పని ఊరేగింపుకు ముందు నడవడంతో అయిపోదు. బావి దగ్గరో ఏటి దగ్గరో కుండలో గంగను నింపి ఊళ్లోకి తెచ్చేటప్పుడు ఉరుము దారి చేస్తుంది. రాత్రి పిండితో చేసిన జ్యోతులు తల మీద పెట్టుకుని ఆడవాళ్లు బయల్దేరినప్పుడు వాళ్ల అడుగుకు తగ్గట్టు దెబ్బ నెమ్మదిస్తుంది. ఎవరి ఒంటి మీదికైనా అమ్మవారు వస్తుందనిపించినప్పుడు జట్టు మొత్తం ఆ మనిషి చుట్టూ చేరుతుంది. రాపిడి గొంతు హెచ్చుతుంది, దెబ్బలు దగ్గరపడతాయి. పూనకం ఎప్పుడు ఎక్కించాలో, ఎప్పుడు దించాలో తెలిసినవాడే ఆ జట్టులో పెద్ద. మంత్రం పూజారిది, బలి ఊరిది. దేవత మాట్లాడే క్షణం మాత్రం ఉరుములవాడి చేతిలో ఉంటుంది. మధ్యమధ్య దేవతల కథలు పాడతారు, వరుసగా నిలబడి, వలయంగా తిరిగి, వెనక్కి వాలి ఆడతారు. రంగు తలపాగా, పొడుగాటి అంగీ, నడుముకు దట్టీ, కాళ్లకు గజ్జెలు వాళ్ల వేషం.

విజయనగర కాలంలో ఈ నేల మీదే, అచ్యుతరాయల ఏలుబడిలో, ఆయన అధికారి విరూపణ్ణ లేపాక్షి వీరభద్రాలయాన్ని తీర్చిదిద్దాడు. అక్కడి నాట్యమండపం స్తంభాల మీద దేవతలు తోలువాద్యాలు పట్టుకుని వాయిస్తూ ఉంటారు. రాతిలో వాద్యకారుడు దేవుడంతటివాడు. ఊళ్లో మాత్రం చచ్చిన పశువు తోలును ముట్టుకున్న చేతికి గుడి గడప దాటే హక్కు లేకపోయింది. ఈ వైరుధ్యం ఒక్క అనంతపురానిది కాదు. కచేరీ మృదంగానికి తోలు బిగించే దళిత కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ రాసేదాకా ఆ చేతుల సంగతి సంగీత ప్రపంచం పెద్దగా ఎత్తలేదు. ఉరుము విషయంలో తోలును ముట్టుకునేవాడూ, వాయించేవాడూ వెలివాడ మనుషులే కావడం వల్ల ఆ మాత్రం చర్చ కూడా జరగలేదు.

1800లో నిజాం అనంతపురంతో సహా దత్తమండలాలను ఈస్టిండియా కుంఫిణీకి అప్పగించాక, థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా 1807 దాకా ఈ ప్రాంతాన్ని చూశాడు. భూమి లెక్కలు, మాన్యాల లెక్కలు కాగితం మీదికి ఎక్కడం అప్పటి నుంచి జోరందుకుంది. దేవర సేవ చేసేవాళ్లకు ఊరు ఇచ్చే మాన్యం, కళ్లంలో కొలిచే గింజలు, దేవర నాటి బలిలో వాటా వాద్యకారుల జీవనాధారం. అది జీతం కాదు, బేరమాడే వీలున్న కూలీ కాదు. పిలుపు వస్తే వెళ్లి తీరాలి, వెళ్లకపోతే ఊళ్లో బతుకు లేదు. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో ఊళ్లకు ఊళ్లే చెదిరిపోయాయి. కళ్లాల్లో గింజలే లేనప్పుడు వాద్యకారుడికి కొలిచేదేముంటుంది? అప్పటికి బళ్లారి జిల్లాలో భాగమైన ఈ తాలూకాలు 1882లో అనంతపురం జిల్లాగా విడివడ్డాయి.

ఆ భూమి లెక్కల్లో చోటు మాన్యానిది, వాయించిన మనిషి కథది కాదు. దక్షిణ భారత కులాల మీద 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథంలో ఉరుముకు తమిళ రూపమైన ‘ఉరుమి’ పేరు కనిపించేది కూడా అనంతపురం సందర్భంలో కాదు. తమిళదేశంలో స్థిరపడిన తెలుగు తొట్టియన్లలో ‘ఉరుమికారన్’ అనే శాఖ ఉందని ఆ గ్రంథం నమోదు చేసింది. రాజకంబళ నాయకర్లుగా పిలిచే ఈ తెలుగు కుటుంబాలు చేసే దేవరాట్టం ఇప్పటికీ దేవదుందుభి అనే ఉరుమి జాతి వాద్యంతోనే నడుస్తుంది. ఇటు కన్నడ పల్లెల్లో చిత్రదుర్గం, తుమకూరు వైపు ఇదే వాద్యం ‘ఉరుమె’. ఇన్ని నేలల్లో సాగిన వాద్య సంప్రదాయానికి రాష్ట్రాల సరిహద్దులు తర్వాత గీసినవి.

స్వాతంత్ర్యం తర్వాత మూడు చట్టాలు ఈ కొలువును వేర్వేరు వైపుల నుంచి తాకాయి. 1950లో మద్రాసు రాష్ట్రం గుళ్ల దగ్గర జంతుబలిని నిషేధించింది. 1956 ఇనాముల రద్దు చట్టం మాన్యాలను రైత్వారీ పట్టాలుగా మార్చింది. సేవ మీద ఆధారపడ్డ భూమికి పట్టా రావడం మంచిదే, కానీ కాగితాలు చదవలేని ఇళ్లలో ఆ భూమి ఎంతవరకు నిలిచిందన్నది ఊరూరికీ మారే కథ. మూడోది 1988లో వచ్చిన దేవదాసీ నిషేధ చట్టం. అనంతపురంలో బసివిని పేరుతో దళిత ఇళ్ల ఆడపిల్లలను దేవతకు వదిలే ఆచారం ఉండేది. అమ్మవారి వాద్యాలు మోగే దేవరల నీడలోనే అదీ సాగింది. ఉరుము చరిత్రను కళాచరిత్రగా మాత్రమే రాస్తే ఆ ఆడవాళ్ల బాధ అందులోంచి జారిపోతుంది; అలా జారిపోనివ్వకూడదు.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఉరుము, తప్పెట వేర్వేరు దారులు పట్టాయి. డప్పును ఈ సీమలో తప్పెట అంటారు. అది మాదిగల వాద్యం, చాటింపుకూ చావుకూ పీర్ల పండక్కీ మోగేది. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి మొహర్రానికి గుండం చుట్టూ వినిపించే మోత తప్పెటదే. 1972లో హైదరాబాదులో విప్లవ సాంస్కృతిక సంస్థ జననాట్యమండలి ఏర్పడ్డాక ఈ వాద్యం విప్లవ గీతానికి వెన్నుదన్నుగా నిలిచింది. ఆ సంస్థ గాయకుడు గద్దర్ 1985లో అజ్ఞాతంలోకి వెళ్లి 1990లో బయటికి వచ్చేలోపు ఆ పాటలు క్యాసెట్లలో, చేతిరాతల్లో పల్లెలు తిరిగాయి. పోలీసుల కళ్లు కప్పి పాటను మోసిన ఆ కాలపు తాళం డప్పుదే. 1994లో మాదిగల హక్కుల ఉద్యమం మాదిగ దండోరా మొదలైనప్పుడు ఒకప్పుడు వెట్టికి గుర్తైన డప్పునే ఉద్యమం జెండాగా ఎత్తుకుంది. అదే సమయంలో ఎన్నో ఊళ్లలో దళిత యువకులు చావులకు, చాటింపులకు వాయించబోమని కర్రలు కింద పెట్టారు. వాయించడం, వాయించకపోవడం రెండూ ఆత్మగౌరవ ప్రకటనలే అయ్యాయి.

ఉరుముకు ఆ వేదిక దక్కలేదు. కారణాలు వాద్యంలోనే ఉన్నాయి. తప్పెటను మంట మీద కాచి, ఒక పూటలో ఎవరైనా నాలుగు దెబ్బలు నేర్వవచ్చు. నడుస్తూ, నినాదానికి తోడుగా కొట్టవచ్చు. ఉరుము కొద్ది ఇళ్ల విద్య. దాని మూలుగు దేవత రాకతో ఎంతగా ముడిపడిందంటే, సభలో మోగిస్తే వినేవాళ్లకు ఊరేగింపు గుర్తుకొస్తుంది గానీ ఉపన్యాసం గుర్తుకు రాదు. భక్తిని వదులుకుంటే దాని గొంతులో సగం పోతుంది. అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి వంటి కమ్యూనిస్టు నాయకులు దశాబ్దాలపాటు పనిచేసినా, ఆ రాజకీయాల సాంస్కృతిక దళాలు ఈ వాద్యాన్ని చేరదీయకపోవడానికి ఇదే ముఖ్య కారణం అనుకోవాలి.

ఉరుము జాతి వాద్యం తిరుగుబాటు గొంతుగా మారింది మాత్రం దేశం బయట. మలేషియా, సింగపూర్లలో తోట కూలీలుగా వెళ్లిన తమిళుల మనవళ్లు ఉరుమి మేళాలు కట్టారు. చదువు, ఉద్యోగం దూరంగా ఉన్న కుర్రాళ్లకు అది తమదైన సంగీతమైంది. సింగపూర్ ప్రభుత్వం 1973లో మురుగన్ పండుగైన తైపూసం ఊరేగింపులో వాద్యాలను నిషేధించింది. 2016లో కొన్ని నిర్ణీత చోట్ల మాత్రమే మళ్లీ అనుమతించింది. లండన్‌లో పుట్టిన ఈలం తమిళ గాయని ఎం.ఐ.ఎ. తన రెండో ఆల్బమ్ ‘కలా’ కోసం చెన్నై వచ్చి ఉరుమి జట్లతో రికార్డు చేసింది. 2007లో ఆ పాటలు ఐరోపా, అమెరికా క్లబ్బుల్లో మోగాయి. ఆ ఆల్బమ్ విన్నవాళ్లలో అనంతపురం పేరు తెలిసినవాళ్లు బహు కొద్దిమంది ఉంటారు, కానీ వాళ్ల చెవికి తాకిన రాపిడి అక్కమ్మగార్ల గుట్ట మీద వినిపించే రాపిడికి దగ్గరి చుట్టమే.

సొంత నేల మీద ఉరుము పుస్తకాల్లోకి ఎక్కింది ఆలస్యంగా. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ గ్రంథం 1992లో తెలుగు విశ్వవిద్యాలయం నుంచి వెలువడింది, అందులో ఉరుముల నృత్యానికి చోటు దక్కింది. ప్రభుత్వ ఉత్సవాలకు, శోభాయాత్రలకు జట్లు కదలడం అప్పటికే మొదలైంది. వేదిక వాద్యాన్ని కొంత మార్చింది. రాత్రంతా సాగే కొలువు పావుగంటకు కుదిరింది, పూనకం పోయి విన్యాసం మిగిలింది, అంగీలన్నీ ఒకే రంగువయ్యాయి. దీన్ని నష్టంగా మాత్రమే చూడటం సరికాదు. వేదిక మీద మొదటిసారి వాద్యకారుణ్ని పేరు పెట్టి పిలిచారు, శాలువా కప్పారు, చేతికి డబ్బు ఇచ్చారు. ఊరి దేవరలో ఈ మూడూ అంత తేలిగ్గా దొరికేవి కావు.

ఆ డబ్బు బతుకుకు చాలదు. వేరుశనగ పంట పోయిన ఏళ్లలో ఉరుములవాళ్లూ అందరిలాగే బెంగళూరు దారి పట్టారు. భవన నిర్మాణాల్లో పనిచేస్తూ దేవరకు సెలవు పెట్టి వచ్చేవాళ్లతో జట్లు నడుస్తున్నాయి. పెళ్లిళ్లలో, చిన్న జాతరల్లో డీజే పెట్టెలు వాద్యాల చోటు తీసుకున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం డప్పు కళాకారులకు ఇచ్చే పింఛను 2024 జూలై నుంచి నెలకు 4000 రూపాయలైంది. ఆ పేరులో ఉరుము ప్రస్తావన లేదు. అమ్మవారి పని మాత్రం డీజేకు అప్పగించే ఊరు తక్కువ. జ్యోతులు ఎత్తే రాత్రికి, గంగను తెచ్చే తెల్లవారుజాముకు ఇప్పటికీ ఉరుములవాళ్లకే కబురు పోతుంది. ఆ కబురు ఒకప్పుడు ఆజ్ఞలా వచ్చేది. ఇప్పుడు ఫోన్లో వస్తుంది, ఎంతమంది రావాలి, ఎంత ఇస్తారు అన్నది ముందే మాట్లాడుకున్నాకే జట్టు బయల్దేరుతుంది.